అలక, కోపం: సత్యభామ ఘట్టంలో మాటల తూకం

నంది తిమ్మన పారిజాతాపహరణం ప్రథమాశ్వాసంలోని ప్రసిద్ధ ఘట్టాన్ని మనం అలవాటుగా ‘సత్యభామ అలక’ అంటాం. పరీక్షల్లో ప్రశ్న కూడా ఇలాగే వస్తుంది. ఆ మాట ఆ ఘట్టానికి ఎంతవరకు సరిపోతుందో ఈ పాఠంలో చూద్దాం.

మనసు బాగాలేదని చెప్పడానికి తెలుగులో మాటలకు కరువు లేదు. మూతి ముడుచుకోవడం, బుంగమూతి పెట్టడం, ముఖం గంటు పెట్టుకోవడం, ముఖం మాడ్చుకోవడం: ఇవన్నీ ముఖాన్ని చూసి చెప్పే మాటలు. రుసరుసలు, చిర్రుబుర్రులు చెవికి వినపడేవి. ముభావంగా ఉన్నవాడు మాట తగ్గిస్తాడు, నిష్ఠూరమాడేవాడు మాట పెంచుతాడు. తెలంగాణలో ‘నారాజ్ అయిండు’ అంటే అందులో కొంత కోపం, కొంత మనస్తాపం రెండూ ఉంటాయి.

వీటన్నిటిలో అలకది వేరే దారి. ‘ఆమెకు కోపం వచ్చింది’, ‘ఆమెకు విసుగు పుట్టింది’ అంటాం. ఈ వాక్యాల్లో కోపమూ విసుగూ బయటినుంచి వచ్చి మనిషిని పట్టుకున్నట్లుంటాయి. కానీ ‘ఆమె అలిగింది’ అన్నప్పుడు ఆమె కర్త. అలగడం ఒక పని. ఆ పని ఒకరి మీద, ఒకరు చూడాలని చేస్తారు. చూసి వచ్చి బతిమాలేవారు లేకపోతే అలక సాగదు. చెరువు మీద అలిగినవాడి సామెత మీకు తెలిసిందే, పూర్తిగా ఇక్కడ రాయడం మర్యాద కాదు. అందులోని హాస్యమంతా చెరువు బతిమాలదు అన్న దగ్గరే ఉంది. ఈ రోజుల్లో ‘మూడ్ బాగాలేదు’ అంటున్నాం. అది ఎవరి మీదా కాదు, ఎవరూ తీర్చవలసిందీ కాదు. అలకకు అది సమానార్థకం కాదు.

పూర్వం ‘అలుగు’ క్రియకు ఇంత మెత్తదనం లేదు. తిరుపతి వేంకట కవుల పాండవోద్యోగంలో కృష్ణుడు కౌరవసభలో ధర్మరాజు అలిగిన నాడు ఏమవుతుందో హెచ్చరిస్తాడు. అక్కడ ధర్మరాజు మూతి ముడుచుకుంటాడని ఎవరూ అనుకోరు. అది మహాక్రోధం. అదే క్రియనుంచి వచ్చిన నామం నేటి వాడుకలో పిల్లలకు, భార్యలకు, పెళ్ళిలో అలకపాన్పు ఎక్కిన కొత్త అల్లుడికి మిగిలింది. అల్లుడి అలక తీరడానికి మామగారు కానుక ఇవ్వాలి. బలం ఉన్నవాడు అలిగితే అది వసూలు అవుతుంది. బలం లేనివారి కోపాన్ని అలక అంటే అది ముద్దుమాట అవుతుంది. విమర్శకుడు జాగ్రత్తపడవలసింది ఇక్కడే.

ఇప్పుడు కావ్యానికి వద్దాం. నారదుడు తెచ్చిన పారిజాతాన్ని కృష్ణుడు రుక్మిణికిచ్చాడు. నారదుడు అక్కడితో ఆగక, సవతులందరిలో ఆమెదే పైచేయి అన్నట్లు పొగిడాడు. ఈ వార్త చెలికత్తె నోట సత్యభామకు చేరింది. ఆ క్షణంలో తిమ్మన ఆమెను దెబ్బతిన్న ఆడుపాముతో, నెయ్యి పోయగా భగ్గుమన్న మంటతో పోల్చాడు. ఈ పోలికలు బుంగమూతికి సరిపోతాయా? ఆమెకు పోయినది ఒక పువ్వు కాదు, నలుగురిలో తన స్థానం. ఇక్కడ ఉన్నది అవమానం వల్ల పుట్టిన కోపం. అప్పటికి కృష్ణుడు ఎదుట లేడు, కాబట్టి చూపించడానికి చేసిన పనీ కాదు.

ఆ తరువాత ఆమె కోపగృహంలో చేరింది. అలక అనదగినది ఇక్కడినుంచి మొదలవుతుంది. కోపగృహం అనగానే రామాయణంలో కైకేయి గుర్తుకొస్తుంది. అదే గది, అదే నేలమీద పడక. కానీ కైకేయిది అలక అని మనం మురిపెంగా చెప్పుకోం. ఆమె రాజ్యమడిగింది మరి!

కృష్ణుడు వచ్చి బతిమాలాడు, పాదాలకు మొక్కాడు. ఆమె ఎడమకాలితో అతని తల తన్నింది. అతడు కోపగించుకోలేదు, తన ఒంటి పులకల ముళ్ళు గుచ్చుకుని ఆమె పాదం నొచ్చి ఉంటుందేమోనని బాధపడ్డాడు. ఆ మాట వెంటనే, అల్క మానమని వేడుకున్నాడు. ఆ మాట ఎవరి నోట వచ్చిందో గమనించండి. పాము, మంట కవి చెప్పినవి. అల్క అన్నది బతిమాలేవాడు. కోపాన్ని అలక అని పిలిస్తే దాన్ని తీర్చడం సులువవుతుంది. కృష్ణుడికి ఆ సంగతి బాగా తెలుసు. మన విమర్శ చాలావరకు కృష్ణుడి మాటనే తీసుకుని, కవి మాటను వదిలేసింది.

అయితే సత్యభామ ఆ సులువుకు లొంగలేదు. తన్నిన తరువాత ఏడ్చింది, తనకు జరిగిన అన్యాయం చెప్పింది. చివరికి కృష్ణుడు పువ్వుతో సరిపెట్టలేక, ఇంద్రుడితో యుద్ధం చేసి చెట్టునే తేవలసి వచ్చింది. బుజ్జగింపుతో తీరే అలకకు స్వర్గం మీద దండెత్తనక్కరలేదు.

ఈ కావ్యం పుట్టుక గురించి ఒక కథ ఉంది. రాయలకు (పాలన 1509–1529) రాణి మీద కోపం వస్తే, దాన్ని తీర్చడానికే తిమ్మన దీన్ని రాశాడట. దానికి కావ్యంలో ఆధారం లేదు, నేను నమ్మను. కానీ ఒకటి చూడండి. ఆ కథ చెప్పేటప్పుడు మనం ‘రాయల కోపం’ అంటాం. కావ్యం దగ్గరకు వచ్చేసరికి అది ‘సత్యభామ అలక’ అయిపోతుంది.

పరీక్షకు చదివేటప్పుడు ఈ ఘట్టంలోని కోపవాచకాలన్నిటినీ వరుసగా రాసుకోండి. ప్రతి మాట పక్కన అది కవిదో, చెలికత్తెదో, కృష్ణుడిదో, సత్యభామదో గుర్తు పెట్టండి.