బానెట్ కింద మూడు జిల్లాల దుమ్ము

కారు ఏ దారుల్లో తిరుగుతోందో బానెట్ ఎత్తితే తెలిసిపోతుంది. భూపాలపల్లిలో సింగరేణి ఓపెన్‌కాస్టు గనుల వైపు, చెల్పూరు కాకతీయ థర్మల్ కేంద్రం వైపు తిరిగే బండి ఇంజన్ మీద బొగ్గు పొడి, దానిమీద సన్నటి బూడిద. మహబూబాబాద్, కేసముద్రం మార్కెట్లకు పోయి వచ్చే బండిలో ఎర్రమట్టి, బ్యాటరీ ట్రే మూలల్లో ఎండు మిరప తొడిమలు. జనగామలో పత్తి కాలం మొదలైతే జిన్నింగ్ మిల్లుల చుట్టుపక్కల గాల్లో తేలే దూది నూగు. 2016 అక్టోబరు 11న పాత వరంగల్ జిల్లా నుంచి విడివడిన ఈ మూడు జిల్లాలూ వారం తిరిగేసరికి నా బండి బానెట్ కింద మళ్లీ కలుస్తాయి.

వాషింగ్ సెంటర్‌కు పోతే, నీళ్ల గన్ను చేతిలో పట్టుకున్న పిల్లవాడు అడగనే అడుగుతాడు, ‘ఇంజన్ గూడ కొట్టాల్నా సార్?’ అని. వద్దనే చెప్తాను. ఇంజన్ శుభ్రం చేయడంలో ముప్పాతిక పని పొడిగానే అయిపోవాలి. నీళ్ల వంతు చివర్లో, అదీ కొంచెమే.

బొగ్గు పొడి పొడిగా ఉన్నంతసేపు మెత్తటి బ్రష్షుకు రాలిపోతుంది. నీళ్లు తగిలాయా, కారిన ఆయిలుతో కలిసి మడ్డి కట్టి బెల్టుల సందుల్లోకి దిగుతుంది. ఎర్రమట్టి బురదై ఎండితే వైర్లను కలిపే కప్లర్ల లాకులు బిగుసుకుపోతాయి. తొడిమలూ ఎండాకులూ ఎక్కువగా ఉంటే అక్కడ ఎలుక కాపురం పెట్టిందేమో చూడాలి. అది వైర్లు కొరుకుతుంది, ఆ చెత్త వేడి సైలెన్సర్ గొట్టం దగ్గరికి చేరితే అంటుకుంటుంది కూడా. అన్నిటికన్నా మొండిది దూది. ఏసీ కండెన్సర్‌కూ రేడియేటర్‌కూ మధ్య చేరి దుప్పటిలా పరుచుకుంటుంది. ముందు నుంచి చూస్తే ఏమీ కనబడదు. ఎండాకాలం ఇంజన్ వేడెక్కుతోందని కూలెంట్ మారుస్తారు, థర్మోస్టాట్ మారుస్తారు, గాలి ఆడే దారి మూసుకుపోయిన సంగతి మాత్రం ఎవరూ చూడరు. సందులో టార్చిలైటు వేసి చూస్తే బూడిదరంగు నూగు పొర తేలుతుంది. ముందు నుంచి గన్ను పెడితే నూగు ఇంకా లోపలికి పోతుంది, సన్నటి రేకులు వంగిపోతాయి. ఇంజన్ వైపు నుంచి బయటికి మెల్లగా గాలి కొట్టి, మిగిలింది చేత్తో లాగాలి. ఓపిక కావాలి. ఈ పని నాకు విసుగనిపించదు.

ఎప్పుడు చేసినా ఇంజన్ చల్లారి ఉండాలి, పొద్దున్నే అయితే మరీ మంచిది. వేడి లోహం మీద చన్నీళ్లు పడితే పగుళ్లు రావచ్చు. బ్యాటరీ మైనస్ వైరు ముందు విప్పాలి, బిగించేటప్పుడు చివర బిగించాలి. ప్లస్ ముందు విప్పుతుంటే స్పానరు బాడీకి తగిలి నిప్పురవ్వలు లేస్తాయి. టెర్మినల్ మీద నీలం కలిసిన తెల్లటి పొడి పేరుకుని ఉంటే, వంటసోడా కలిపిన నీళ్లలో పాత టూత్‌బ్రష్షు ముంచి రుద్దితే నురగ లేచి వదులుతుంది. ఆ నీళ్లు బ్యాటరీ లోపలికి పోకూడదు. తర్వాత డైనమో, ఫ్యూజు బాక్సు, ఈసీఎం (ఇంజన్ కంప్యూటర్), ఎయిర్ ఫిల్టర్ మూతి, ఇగ్నిషన్ కాయిళ్లు, అన్నిటికీ పాలిథీన్ కవర్లు కట్టాలి. పెట్రోలు బండ్లలో స్పార్క్ ప్లగ్గులు గుంటల్లో ఉంటాయి. అక్కడ నీళ్లు నిలిస్తే సిలిండరు సరిగా కాల్చదు, బండి కుదుపుతుంది. వాషింగ్ అయ్యాక బండి పాడైందని మెకానిక్ దగ్గరికి వచ్చేవాటిలో ఈ రకం చాలానే ఉంటాయి. హైబ్రిడ్, ఎలక్ట్రిక్ బండ్లలో నారింజరంగు వైర్లు కనబడితే వాటి జోలికే పోవద్దు.

పాత లారీల వాళ్లు ఇంజన్‌కు డీజిల్ కొట్టించేవాళ్లు. అప్పటి ఇంజన్లలో ఈ సెన్సార్లూ సన్నటి వైర్లూ లేవు కాబట్టి సాగింది. ఇప్పుడు డీజిల్, కిరోసిన్ వాడితే రబ్బరు గొట్టాలు ఉబ్బుతాయి, మిగిలిన జిడ్డుకు కొత్త దుమ్ము ఇంకా గట్టిగా అంటుతుంది, మంట ప్రమాదం ఎలాగూ ఉంది. నీళ్లలో కలిసే డీగ్రీజర్ జిడ్డున్న చోటే రాసి, నీడలో కాసేపు నాననిచ్చి, ఆరకముందే బ్రష్షు పెట్టాలి. కడగడానికి పూలకుండీలకు వాడే చేతి స్ప్రేయరు చాలు. తుడవడానికి పాత కాటన్ లుంగీని మించిన గుడ్డ లేదు.

ఆ జిడ్డు నీళ్ల మీద నాకు పట్టింపు ఎక్కువ. బయ్యారం చెరువు కాకతీయ గణపతిదేవుడి సోదరి మైలాంబ తవ్వించింది. ఘనపురంలో గణపసముద్రం కాకతీయుల కాలం నుంచి పొలాలకు నీళ్లిస్తోంది. అలాంటి చెరువుల కట్టల మీద ఆటోలు, ట్రాక్టర్లు కడిగి ఆయిలు నీళ్లు వదలడం నాకు మింగుడుపడదు. కిందో గోనెసంచి, దానిమీద రంపపు పొట్టు పరిస్తే జిడ్డు చాలావరకు అందులోనే ఆగుతుంది.

కవర్లు విప్పి, బానెట్ తెరిచి పూర్తిగా ఆరనిచ్చాక స్టార్ట్ చేసి, కాసేపు ఐడిల్‌లో ఉంచండి. ఆ రాత్రి ఇంజన్ కింద ఓ అట్టముక్క పెట్టండి. శుభ్రమైన ఇంజన్ కారే చుక్కను దాచుకోలేదు. నల్లగా ఉంటే ఇంజన్ ఆయిలు, పచ్చగానో గులాబీరంగులోనో ఉంటే కూలెంట్, రంగు లేకపోతే ఏసీ నీళ్లు. తెల్లారి మెకానిక్ దగ్గరికి పోయేటప్పుడు ఆ అట్టముక్క కూడా పట్టుకుపోండి.