సంతకాల తర్వాతి పని

రాజమండ్రి–కొవ్వూరు నాలుగో వంతెన ఎక్కినవాళ్లంతా గోదారినే చూస్తారు. చూడాల్సిందే. నాకు మాత్రం ఆ వంతెన వెనకున్న ఫైళ్ల మీద గౌరవం. 2008లో ఒప్పందం కుదిరి, 2015 పుష్కరాల వేళకు తెరుచుకున్న ఈ వంతెన ప్రభుత్వ, ప్రైవేటు భాగస్వామ్యంలో కట్టింది. మామూలు కాంట్రాక్టరయితే కట్టి, బిల్లు తీసుకుని వెళ్లిపోతాడు. ఇక్కడ కంపెనీ టోల్ వసూలు చేసుకుంటూ ఏళ్ల తరబడి ఉంటుంది. దానితో వేగే అధికారి పనే అసలు పని.

ఇలాంటి ఒప్పందాల్లో భూమి అప్పగించాల్సింది సర్కారే. ఒక్క సర్వే నంబరు కోర్టులో ఇరుక్కుంటే ఆలస్యం మన ఖాతాలో పడుతుంది, కంపెనీ గడువు పెంచమంటుంది. అందుకే ఏ ముక్క ఏ రోజు అప్పగించారో తేదీతో సహా రాసిపెట్టుకున్న ఇంజనీరు, రేపు ఆర్బిట్రేషన్‌లో పెద్ద వకీలు కంటే ఎక్కువ అక్కరకొస్తాడు. వంతెన తెరిచాక మరో తంటా: జాయింట్లు, బేరింగులు సరిగా ఉన్నాయా, మరమ్మతు పేరుకే జరిగిందా? కంపెనీకీ ‘కుదరదు’ అనాలి, టోల్ ఎత్తేయమనే నాయకుడికీ అనాలి. రెండోదే కష్టం లెండి.

వంతెనలకే కాదు, రేవులకూ ఇలాంటి అధికారే కావాలి. కాకినాడ డీప్ వాటర్ పోర్టు 1999లో ప్రైవేటు నిర్వహణలోకి వెళ్లింది. అక్కడ సర్కారుది ఆదాయంలో వాటా కాబట్టి, లెక్కలు చదవడం వచ్చినవాడే కాపలాదారు.

ఒప్పందం ఒంటబట్టడానికే రెండేళ్లు పడుతుంది. బదిలీల జాబితా వేసే పెద్దలు ఈ కుర్చీల్లో ఉన్నవాళ్లను కొన్నాళ్లు కదపకుండా ఉంచండి.