హీటర్‌ని అడగండి

బండి హీటెక్కుతోందని షెడ్డుకి తీసుకెళితే మన దగ్గర ముందుగా వినపడే మాట: "థర్మోస్టాట్ పీకేద్దాం సార్, మన ఎండలకి అదెందుకు?" బానెట్ ఎత్తకముందే, ఒక్క ప్రశ్న వేయకముందే తీర్పు వచ్చేస్తుంది. కొన్నిసార్లు ముల్లు కాస్త దిగుతుంది కూడా. దాంతో ఆ తీర్పుకి పేరొస్తుంది. నాకు మాత్రం ఆ మాట చెవిన పడగానే ఒకటే అడగాలనిపిస్తుంది: "హీటర్ వేసి చూశావా అన్నా?"

హీటరా అని నవ్వుతారు. విజయవాడలో, వరంగల్‌లో కారు హీటర్‌తో ఎవరికి పని? కొన్న రోజు నుంచి అమ్మిన రోజు దాకా ఆ నాబ్ నీలం వైపే ఉండిపోయిన కార్లు మన వీధుల్లో బోలెడు. కానీ ఇంజన్ ఎందుకు కాగుతోందో తేల్చుకోవడానికి కారుతోపాటే ఊరికే వచ్చిన పరికరం ఏదైనా ఉందంటే అది హీటరే. ఈ సంగతి నాకు మరోసారి గుర్తుచేసింది మిషిగన్ నుంచి వచ్చిన ఒక ఫోను.

అక్కడ మా అన్నయ్య కొడుకు ఉంటాడు. సెకండ్ హ్యాండ్ కారు కొనుక్కున్నాడు. జనవరిలో ఫోన్ చేసి, "బాబాయ్, బయట మైనస్ 15 ఉంది. టెంపరేచర్ ముల్లేమో ఎరుపులోకి పోతోంది. హీటర్ వేస్తే చల్లగాలి కొడుతోంది. అక్కడ ఇంజన్ మరిగిపోతుంటే ఇక్కడ నేను గడ్డకట్టుకుపోవడమేంటి?" అన్నాడు. బండి పక్కకి ఆపేశానని కూడా చెప్పాడు. "మంచి పని చేశావు, రేడియేటర్ మూత మాత్రం ముట్టుకోకు" అన్నాను.

చలిదేశంలో హీటర్ విలాసం కాదు. ముందద్దం మీద మంచు కరగాలన్నా అదే దిక్కు. అందుకే అక్కడివాళ్లకి ఈ రెండో లక్షణం వెంటనే తెలిసిపోతుంది. మనకి తెలియదు. జబ్బు మాత్రం రెండుచోట్లా ఒకటే.

వాడికి వింతగా తోచిందే నాకు ఆధారమైంది. సాధారణ పెట్రోలు కారులో హీటర్‌కి సొంత పొయ్యి ఏదీ లేదు. సిలిండర్లో మంట వేడి 2,000 డిగ్రీలు దాటుతుంది. చుట్టూ ఉన్న అల్యూమినియం 660 డిగ్రీలకే కరుగుతుంది. కరగకుండా కాపాడేది చుట్టూ పారే కూలెంట్. కాల్చిన పెట్రోలు శక్తిలో దాదాపు మూడో వంతే బండిని నడపడానికి పనికొస్తుంది. దాదాపు అంతే సైలెన్సర్ గుండా పోతుంది. మిగిలినదాంట్లో ఎక్కువ భాగం మోసుకెళ్లేది కూలెంటే. వాటర్ పంపు దాన్ని తోస్తుంటే పెద్ద పాయ ముందున్న రేడియేటర్‌కి, చిన్న పాయ డ్యాష్‌బోర్డు వెనక దాగిన బుల్లి రేడియేటర్‌కి పోతాయి. ఆ బుల్లిదాన్నే హీటర్ కోర్ అంటారు. బ్లోయర్ గాలి దాన్ని రాసుకుంటూ వస్తే మనకి వెచ్చగా తగులుతుంది. హీటర్ అంటే అంతే.

ఇప్పుడు మావాడి రెండు ఫిర్యాదులనీ పక్కపక్కన పెట్టి చూడండి. ఇంజన్ దగ్గర వేడి ఉంది, హీటర్ దగ్గర లేదు. అంటే పుట్టిన వేడి పుట్టినచోటే ఉండిపోతోంది. దాన్ని మోయాల్సిన కూలెంట్ అయినా లేదు, ఉన్నా కదలడం లేదు.

థర్మోస్టాట్ సంగతి ఇక్కడే తేలిపోతుంది. అది రేడియేటర్ దారికి కాపలా. కూలెంట్ సుమారు 82 నుంచి 90 డిగ్రీల దాకా కాగే వరకూ దారి మూసి ఉంచుతుంది. లోపలి మైనం కరిగి ఉబ్బాక తెరుస్తుంది. చాలా ఇంజన్లలో హీటర్ పాయకి ఈ కాపలాతో నిమిత్తం లేదు. థర్మోస్టాట్ మూసుకుని బిగుసుకుపోతే ముల్లు ఎక్కుతుంది, రేడియేటర్ వైపు వెళ్లే పైపు చల్లగా ఉంటుంది, హీటర్ మాత్రం సెగలు కక్కుతుంది. రేడియేటర్ ఫ్యాన్ తిరక్కపోయినా అంతే. రేడియేటర్ ముందు రెక్కలు బురదతో మూసుకుపోయినా అంతే. హీటర్ చల్లగా ఉందంటే ఈ ముగ్గురి మీదా అనుమానం బాగా తగ్గిపోతుంది. ఖర్చు నాబ్ తిప్పడమే.

మిగిలిన కారణాలు కొన్నే. కూలెంట్ తగ్గిపోయి ఉండాలి, లోపల గాలి చిక్కుకుని ఉండాలి, పంపు తోయలేకపోతూ ఉండాలి, లేదా హెడ్ గ్యాస్కెట్ పోయి సిలిండర్లోని పొగ కూలెంట్ దారిలోకి చొరబడుతూ ఉండాలి. చివరికి నాలుగూ ఒకచోటికే వస్తాయి, కూలెంట్ ఉండాల్సిన చోట గాలో ఆవిరో నిలిచిపోవడానికి, లేదా ఉన్న కూలెంట్ కదలకపోవడానికి. బావి మీద మోటారు పెట్టిన రైతుకి దీన్ని వివరించక్కర్లేదు. ఫుట్‌వాల్వ్ కారి పైపులో గాలి పడిందంటే మోటారు హోరెత్తుతుంది గానీ చుక్క నీరు ఎత్తదు. పైనుంచి బిందెలతో పోసి పైపు నింపాకే పట్టు దొరుకుతుంది. కారు వాటర్ పంపుదీ అదే జాతి. నీటిని తోస్తుంది, గాలిని తోయలేదు. పైగా చాలా కార్లలో హీటర్ కోర్ ఎత్తున ఉంటుంది కాబట్టి కూలెంట్ తగ్గితే గాలి చేరే చోట్లలో అదొకటి. అందుకే చాలాసార్లు ముల్లు కదలకముందే హీటర్ చల్లబడుతుంది.

అందుకే మావాణ్ని అడిగిన మొదటి ప్రశ్న: "ఈ రెంటిలో ముందు ఏది మొదలైంది?" కాసేపు ఆలోచించాడు. "నాలుగైదు రోజులనుంచి సిగ్నల్ దగ్గర ఆగితే హీటర్ చల్లబడేది బాబాయ్, హైవే ఎక్కితే మళ్లీ వేడొచ్చేది. ముల్లు పైకెక్కింది ఇవాళే." ఈ జవాబు వచ్చాక స్కానర్ లేదని నాకు బెంగ లేకపోయింది. ఆగి ఉన్నప్పుడు ఇంజన్ నెమ్మదిగా తిరుగుతుంది, పంపు తోపు తగ్గుతుంది, కాస్త కూలెంటే ఉంటే అది హీటర్ కోర్ దాకా చేరదు. యాక్సిలరేటర్ తొక్కితే చేరుతుంది. కూలెంట్ తక్కువైనా, పంపు నీరసించినా ఇదే వరస.

రెండో ప్రశ్న: "లోపలున్నది కూలెంటా, ఉత్త నీళ్లా?" మన దగ్గర ఈ ప్రశ్నకి విలువ తక్కువ, మిషిగన్‌లో ప్రాణం. సగం ఇథిలీన్ గ్లైకాల్, సగం నీళ్లు కలిపిన కూలెంట్ మైనస్ 37 డిగ్రీల దాకా గడ్డకట్టదు. పాత యజమాని నీళ్లు ఎక్కువ కలిపేసి ఉంటే రేడియేటర్లో మంచు పేరుకుని దారి మూసుకుపోతుంది. బయట ఎముకలు కొరికే చలి, ఆ చలివల్లే లోపల ఇంజన్ మరుగుతుంది. నీరు గడ్డకడితే ఘనపరిమాణం తొమ్మిది శాతం పెరుగుతుంది కాబట్టి ఇంజన్ బ్లాకు పగిలినా పగలొచ్చు. కూలెంట్ చిక్కదనం చూసే చిన్న టెస్టర్ అక్కడ ఏ ఆటో దుకాణంలోనైనా చవగ్గా దొరుకుతుంది. వాడి కూలెంట్ అందులో సరిగ్గానే ఉంది.

అసలు పరీక్ష పొద్దున, ఇంజన్ పూర్తిగా చల్లారాక. ఈ ఆగడం పిరికితనం అనుకునేవాళ్లున్నారు. నీళ్లు 100 డిగ్రీలకి మరుగుతాయని బళ్లో చదువుకున్నాం. రేడియేటర్ మూత సుమారు ఒక బార్ అదనపు ఒత్తిడిని పట్టి ఉంచితే ఉత్త నీళ్లయినా 120 దాకా మరగవు, కూలెంట్ ఇంకా తట్టుకుంటుంది. అంత వేడి మీద మూత తిప్పితే ఒత్తిడి ఒక్కసారిగా పోయి, అప్పటిదాకా ఓపిక పట్టిన నీరంతా మరిగి ముఖం మీదికి ఎగజిమ్ముతుంది. తడిబట్ట చుట్టి తిప్పితే ఏం కాదనే ధైర్యం నాకు లేదు, ఎవరికీ ఉండకూడదు.

పొద్దున వీడియో కాల్‌లో, "బాటిల్‌లో కూలెంట్ మ్యాక్స్ గీత దాకా ఉంది బాబాయ్" అన్నాడు. "బాటిల్ మాట నమ్మకు, మూత తీసి చూడు" అన్నాను. మూతలో రెండు వైపులా పనిచేసే వాల్వులుంటాయి. వేడికి ఉబ్బిన కూలెంట్‌ని బాటిల్‌లోకి పంపేదొకటి, చల్లారాక వెనక్కి పీల్చుకునేదొకటి. రెండోది పాడైనా, మధ్యనున్న సన్నపైపు చిట్లినా, బాటిల్ నిండుగానే ఉంటుంది, రేడియేటర్ ఎండిపోతుంది. వాడు మూత తీశాడు. టార్చి వేస్తే అడుగున ఎక్కడో తళుక్కుమంటోంది.

నింపడం కూడా ఒక పనితనమే. ఊరికే పోసేస్తే లోపలి గాలి లోపలే ఉంటుంది. బండి ముక్కు ఎత్తున ఉండేలా వాలు మీద నిలపాలి. హీటర్ ఫుల్ వేడి మీద పెట్టాలి, కొన్ని కార్లలో అలా తిప్పితేనే ఆ పాయ తెరుచుకుంటుంది. గాలి వదిలే స్క్రూ ఉంటే వదులు చేయాలి. మూత తీసే ఉంచి ఇంజన్ నడుపుతూ, పై పైపుని పిసుకుతూ, బుడగలు వచ్చినకొద్దీ పోస్తూ ఉండాలి. థర్మోస్టాట్ తెరుచుకున్నాక మట్టం ఒక్కసారి దిగుతుంది, మళ్లీ పోయాలి. బుడగలు ఆగి, రేడియేటర్ ఫ్యాన్ తిరిగి ఆగితే పనయినట్టు. మావాడికి రెండు లీటర్ల పైనే పట్టింది. "వచ్చింది బాబాయ్, వేడిగాలి వచ్చింది!" అని కేకేశాడు.

చాలా షెడ్లలో కథ ఇక్కడితో ముగిసిపోతుంది. నింపాం, తగ్గింది, డబ్బులివ్వండి. రోగనిర్ణయం అసలు ఇక్కడ మొదలవ్వాలి, ఎందుకంటే కూలెంట్ పెట్రోలులా ఖర్చయ్యే వస్తువు కాదు. రెండు లీటర్లు ఎటు పోయాయి? పక్క సీటు కింద కార్పెట్ తడిగా ఉండి, అద్దం మీద జిడ్డు ఆవిరి పడితే హీటర్ కోర్ కారుతున్నట్టు. ఇంజన్ కాగాక కూడా సైలెన్సర్ తెల్లపొగ వదులుతూ తీపివాసన వేస్తుంటే, లేదా ఇంజన్ ఆయిల్ పాల టీ రంగులోకి మారితే హెడ్ గ్యాస్కెట్ వైపు చూడాలి. చల్లని ఇంజన్ స్టార్ట్ చేసిన నిమిషంలోనే, ఇంకా వేడి పుట్టకముందే, పై పైపు బిర్రబిగిసినా అదే అనుమానం. దాన్ని తేల్చడానికి ఒక నీలిద్రవం ఉంది. రేడియేటర్ మూతి దగ్గరి గాలిని దాని గుండా పీలిస్తే, అందులో సిలిండర్ పొగ ఉన్నప్పుడు నీలం పసుపు అవుతుంది. హెడ్ విప్పడానికి ముందు చేయాల్సిన పరీక్ష ఇది. మన దగ్గర విప్పాక ఆలోచిస్తారు.

మావాడి కార్పెట్ పొడిగా ఉంది, ఆయిల్ శుభ్రంగా ఉంది, పైపులు మెత్తగా ఉన్నాయి. "వాటర్ పంపు కింద సన్నని బెజ్జం ఉంటుంది, అద్దంతో చూడు" అన్నాను. లోపలి సీలు అరిగితే కూలెంట్ బేరింగ్‌లోకి పోకుండా బయటికి కారిపోవాలని తయారీదారులే పెట్టే బెజ్జం అది. అక్కడ గులాబీరంగు పొరలు కట్టి ఉంది. నడుస్తున్న ఇంజన్ మీద బొట్టుబొట్టుగా కారి అక్కడికక్కడే ఆవిరైపోయేది, అందుకే ఇంటిముందు మరక పడలేదు. వాడు షెడ్డుకి వెళ్లి, "బండి హీటవుతోంది" అనకుండా "పంపు సీలు పోయింది, మార్చండి" అన్నాడు. ఆ రెండు మాటలకీ మధ్య తేడా డాలర్లలో చాలానే ఉంటుంది.

ఈ పనిలో నాకు నచ్చేది ఇదే. బండి హీటవుతోంది అన్న ఒక్క లక్షణానికి పది కారణాలు చెప్పొచ్చు. దానిపక్కన రెండో లక్షణం పెట్టగానే సగం రాలిపోతాయి. ఏది ముందు మొదలైందో తెలిస్తే రెండు మూడు మిగులుతాయి. పదింటినీ వరసగా మార్చుకుంటూ పోయేవాడికీ బండి బాగవుతుంది, ఎప్పుడో ఒకప్పుడు. వాడికి తెలిసింది మాత్రం ఏమీ ఉండదు, రేపు ఇంకో బండి వస్తే మళ్లీ మొదటినుంచి పీకుతాడు. పీకేసే థర్మోస్టాట్‌తో ఇంకో చిక్కుంది. కొన్ని ఇంజన్లలో అది రేడియేటర్ దారి తెరుస్తూనే అడ్డదారిని మూస్తుంది. దాన్ని తీసేస్తే కూలెంట్‌లో కొంత రేడియేటర్ ముఖం చూడకుండానే ఇంజన్‌లోకి తిరిగొస్తుంది. మిగతా ఇంజన్లలో ఇంజన్ సరిగా వేడెక్కక మైలేజీ పడిపోతుంది. ఇక కూలెంట్ తగ్గినప్పుడల్లా బోరునీళ్లు పోయడం మనకి అలవాటు. ఆ ఉప్పు రేడియేటర్ గొట్టాల్లో, హీటర్ కోర్ సందుల్లో పెచ్చుకడుతుంది. ఫైర్‌వాల్ దగ్గరి రెండు హీటర్ పైపుల్లో ఒకటి వేడిగా, ఒకటి చల్లగా తగిలితే హీటర్ కోర్ మూసుకుపోయిందని అనుమానించాలి. అదే ఉప్పు పెద్ద రేడియేటర్లోనూ పట్టి ఉంటుందని వేరే చెప్పాలా?

కాబట్టి నెలకోసారి, ఎంత ఎండాకాలమైనా, హీటర్ వేడివైపు తిప్పి చెయ్యి పెట్టి చూడమంటాను. ఎప్పుడూ వచ్చే సెగ రాకపోతే ముల్లు ఎక్కకముందే మూత తీసి చూసుకునే అవకాశం దొరుకుతుంది. ఇక తిరుమల ఎక్కుతుంటేనో, శ్రీశైలం దారిలోనో, అరకు ఘాట్‌లోనో ముల్లు ఎరుపువైపు కదిలిందనుకోండి. ముందు ఏసీ ఆపి, హీటర్ ఫుల్‌గా పెట్టండి, అద్దాలు దించండి. వేడిగాలి కొట్టిందంటే కూలెంట్ ఉంది, తిరుగుతోంది. హీటర్ కోర్ రెండో రేడియేటర్‌గా కొంత వేడి లాగేస్తుంది, ఆ కాస్త వెసులుబాటుతో నెమ్మదిగా సురక్షితమైన చోటికి చేరి ఆపుకోవచ్చు. చల్లగాలి కొట్టిందంటే లోపల మోసేది ఏదీ మిగల్లేదని లెక్క. అప్పుడు ముల్లు కిందికి దిగినా నమ్మకండి, సెన్సర్ చుట్టూ కూలెంట్ లేకపోతే అది చూపించేది తప్పుడు లెక్కే కావచ్చు. ఎదురుగా మలుపులో మెకానిక్ షెడ్డు బోర్డు కనిపిస్తున్నా సరే, బండి ఓరకి తీసి ఇంజన్ ఆపేయండి. షెడ్డు దాకా తోసుకుంటూ వెళ్లినా నష్టం లేదు, నడుపుకుంటూ వెళితే మాత్రం ఇంజన్ ఖరీదు కట్టాల్సి రావచ్చు.