పేలని తూటా అంచు చూడండి

25 మీటర్ల పిస్టల్ పోటీ రెండో సగంలో ఎదురుగా పచ్చదీపం మూడు సెకన్లే వెలుగుతుంది. ఆ మూడు సెకన్లలోనే చెయ్యి లేపి, గురి కుదుర్చుకుని, ఒక్క తూటా కాల్చాలి. తర్వాత ఏడు సెకన్లు విరామం, మళ్లీ మూడు సెకన్లు. అలా అయిదు తూటాలైతే ఒక సిరీస్. హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో వ్యక్తిగత రజతం గెలిచిందీ, మను భాకర్, రిథమ్ సాంగ్వాన్‌లతో కలిసి జట్టు స్వర్ణం తెచ్చిందీ ఈ పోటీలోనే. హైదరాబాద్‌లోనే పెరిగిన గగన్ నారంగ్ 2010 ఢిల్లీ కామన్వెల్త్ క్రీడల్లో గెలిచిన నాలుగు స్వర్ణాల్లో రెండు 50 మీటర్ల త్రీ పొజిషన్ రైఫిల్‌వి. ఈషా పిస్టల్లోకైనా గగన్ రైఫిల్లోకైనా వెళ్లే తూటా ఒకటే: పాయింట్ టూ టూ లాంగ్ రైఫిల్. అది సమయానికి పేలకుండా తుస్సుమంటే మూడు సెకన్ల దీపం ఎవరి కోసమూ ఆగదు.

పటాన్‌చెరులో బస్సెక్కి బీహెచ్ఈఎల్, లింగంపల్లి దాటితే సెంట్రల్ యూనివర్సిటీ ఆవరణలో రాష్ట్ర షూటింగ్ రేంజ్ ఉంది. పటాన్‌చెరు పారిశ్రామికవాడ పిల్లల్లో చాలామంది అక్కడిదాకా వెళ్లకముందే ఎన్‌సీసీలో ఈ తూటాను చూసేస్తారు. 1948లో పుట్టిన ఎన్‌సీసీలో కేడెట్ చేతికి మొదట వచ్చేది పాయింట్ టూ టూ రైఫిలే. సంగారెడ్డి జిల్లాలో ఈ తూటాల గురించి ఒక అపోహ వినిపిస్తుంటుంది. ఎద్దుమైలారంలో ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ ఉంది కాబట్టి తూటాలు అక్కడే తయారవుతాయని చాలామంది అనుకుంటారు. అక్కడ తయారయ్యేవి సైన్యానికి 'శరత్' పోరాట వాహనాలు. పక్కనే భానూరులో బీడీఎల్ చేసేవి క్షిపణులు. చిన్న తుపాకుల తూటాల సర్కారు ఫ్యాక్టరీలు మహారాష్ట్రలో ఖడ్కీ, వరణ్‌గావ్‌లలో ఉన్నాయి. పోటీల్లో వాడే మేలురకం పాయింట్ టూ టూ మాత్రం ఎక్కువగా దిగుమతి సరుకు. ఇంగ్లండ్ నుంచి ఎలీ, జర్మనీ నుంచి ఆర్‌డబ్ల్యూఎస్, లాపువా, ఎస్‌కే, అమెరికా నుంచి సీసీఐ వస్తాయి.

పెద్ద తుపాకుల తూటాకు అడుగున నట్టనడుమ ప్రైమర్ అనే చిన్న గుండీ విడిగా ఉంటుంది. మన పాయింట్ టూ టూకి అది లేదు. దాని ఇత్తడి గొట్టం చాలా పల్చన. అడుగున చుట్టూ కొద్దిగా ఉబ్బిన అంచు ఉంటుంది. అంచు మందం మిల్లీమీటరు పైచిలుకు, లోపల బోలు. దెబ్బ తగిలితే అంటుకునే మందు ఉండేది ఆ బోలులోనే. తయారీలో ఆ మందును తడిగా ఉండగానే గొట్టంలో చిటికెడు వేసి గిర్రున తిప్పుతారు. ఆ వేగానికి అది అంచులోకి చేరి చుట్టూ సర్దుకుంటుంది. ఆరిన తర్వాత పౌడరు పోసి, పైన 40 గ్రెయిన్ల, అంటే సుమారు 2.6 గ్రాముల, సీసపు గుండు బిగిస్తారు. 1887లో అమెరికాలో వచ్చిన ఈ తూటా పోలిక అప్పటినుంచి పెద్దగా మారలేదు. చవక, దెబ్బ తక్కువ, చప్పుడు తక్కువ. నేర్చుకునే చేతికి ఇంతకన్నా మంచిది లేదు.

చిక్కంతా ఆ తిప్పడంలోనే ఉంది. మందు చుట్టూ సమంగా పరుచుకుంటే సరే. ఒకచోట పల్చబడినా, ఖాళీ మిగిలినా బయటికి తెలియదు. తుపాకీ పిన్ను అంచు మీద ఒక్కచోటే కొడుతుంది. ఆ చోటు ఖాళీదైతే తూటా పేలదు. వడ్లలో తాలు గింజలాగా పైకి అన్నీ ఒకేలా ఉంటాయి, కానీ తాలును చెరిగి తీయొచ్చు, దీన్ని తీయలేం. కొందరు ఒక్కో తూటానూ త్రాసులో తూచి వేరుచేస్తుంటారు. నా దృష్టిలో అది వృథా శ్రమ. బరువులో తేడా కనిపించినా అది సీసానిదో, పౌడరుదో, ఇత్తడిదో త్రాసు చెప్పదు. అంచులోని మందు ఎంత తక్కువంటే ఆ తేడాల్లో అది కనపడకుండా పోతుంది. అంచు మందాన్ని గేజితో కొలిచి వేరుచేయడంలో కాస్త అర్థముంది. మరీ పల్చటి అంచున్న తూటా మీద పిన్ను దెబ్బ గట్టిగా పడదు.

తూటా పేలలేదనగానే అందరూ కంపెనీని తిడతారు. తిట్టేముందు ఆ తూటాను చేతిలోకి తీసుకుని అంచు మీద పిన్ను పెట్టిన గుంటను చూడాలి. అయితే వెంటనే తియ్యకూడదు. మందు ఒక్కోసారి ఆలస్యంగా అంటుకుంటుంది కాబట్టి తుపాకీ గొట్టం లక్ష్యం వైపే ఉంచి కనీసం అర నిమిషం ఆగాలి, రేంజ్ అధికారి చెప్పాకే బోల్టు తెరవాలి. ఇక గుంట సంగతి. లోతుగా, అంచును నొక్కుతూ స్పష్టంగా ఉంటే తుపాకీ తన పని తాను చేసింది, లోపం తూటాలోనే. గుంట పైపైన గీసినట్టుంటే అనుమానం తుపాకీ మీదికి మళ్లాలి. స్ప్రింగు వదులైందా, పిన్ను మొన అరిగిందా, బోల్టు లోపల పాత నూనె జిగురై పిన్నుకు అడ్డం పడుతోందా అని వెతకాలి.

చాలామంది పొరబడేది దీని తర్వాతి మెట్టులో. పేలని తూటాను అధికారి అనుమతితో మళ్లీ పెట్టి కొడితే రెండోసారి పేలుతుంది. 'చూశావా, తూటా బాగానే ఉంది' అంటారు. రెండోసారి పెట్టేముందు తూటాను తిప్పారా లేదా అన్నదాన్ని బట్టి అర్థం మారిపోతుంది. మొదటి గుంట లోతుగా ఉండి, తూటాను తిప్పి గుంట లేని చోట దెబ్బ పడేలా పెట్టాక పేలితే మొదటి చోట మందు లేదన్నమాట, అంటే తూటా లోపం. తిప్పకుండా అదే గుంట మీద రెండో దెబ్బకు పేలితే మందు అక్కడ ఉంది, మొదటి దెబ్బే చాలలేదు. తూటా చాంబర్లో పూర్తిగా కూర్చోకపోవడం దీనికి తరచూ కనబడే కారణం. పిన్ను బలమంతా తూటాను లోపలికి నెట్టడానికే ఖర్చయిపోతుంది. ఈ తూటాల సీసపు గుండు మీద మైనమో కొవ్వో పూస్తారు. వందల తూటాలు కాల్చాక ఆ మైనం, సీసం, మసి కలిసి చాంబరు నోట్లో గట్టి ఉంగరంలా పేరుకుంటాయి. కొత్త తూటా దానికి తట్టుకుని వెంట్రుకవాసి బయటే ఆగిపోతుంది. చాంబరు శుభ్రం చేస్తే నయమయ్యే జబ్బుకు తూటాల కంపెనీ మార్చిన షూటర్లు ఎందరో! ఖాళీ తుపాకీతో టిక్కు టిక్కుమని సాధన చేసే అలవాటుతోనూ జాగ్రత్తగా ఉండాలి. ఇలా అంచు మీద కొట్టే కొన్ని రిమ్‌ఫైర్ తుపాకుల్లో ఖాళీగా కొడితే పిన్ను నేరుగా చాంబరు అంచుకు తగిలి అక్కడ నొక్కు పడుతుంది. మేలురకం పోటీ తుపాకుల్లో దీనికోసమే వేరే ఏర్పాటు ఉంటుంది.

ఇక ఎంపిక. పేరున్న కంపెనీ తూటా కొంటే చాలనుకోవడం సగం నిజమే. ఎలీ టెనెక్స్ పెట్టె మీద లాట్ నంబరు ముద్రిస్తారు. అదే కంపెనీ, అదే రకం, వేరే లాట్ తీసుకుంటే అదే రైఫిల్లో ఫలితం వేరుగా రావచ్చు. పటాన్‌చెరు, బొల్లారం, పాశమైలారం బల్క్ డ్రగ్ కంపెనీల్లో పనిచేసేవాళ్లకు ఈ మాట విడమరచి చెప్పనక్కర్లేదు. బ్యాచ్ షీట్ లేని సరుకు గేటు దాటదని వాళ్లకు తెలుసు. ఎలీ, లాపువా తమ పరీక్షా కేంద్రాల్లో షూటర్ సొంత తుపాకీని బిగించి, పలు లాట్లు కాల్చి చూపిస్తాయి. ఏ లాట్ గుళ్లు 50 మీటర్ల దూరంలో దగ్గర దగ్గరగా పడితే ఆ లాట్‌ను పెద్ద మొత్తంలో కొనుక్కుంటారు. అగ్రశ్రేణి షూటర్లు ఇందుకోసమే తుపాకీ పట్టుకుని యూరప్ వెళ్లొస్తారు.

యూనివర్సిటీ రేంజ్‌కి వచ్చే ఇంటర్ విద్యార్థికి ఆ భాగ్యం ఎక్కడిది? అసోసియేషన్ ద్వారా వచ్చిన లాట్ ఏదైతే అదే అతని లాట్. అయినా అతను చేయగలిగింది కొంత ఉంది. వచ్చిన లాట్లలో మంచిదాన్ని పోటీకి దాచి, మిగతాది సాధనకు వాడొచ్చు. అయితే ఒక పెట్టె చూసి తీర్పు చెప్పకూడదు. పెట్టెలో 50 తూటాలుంటాయి. ఒక లాట్‌లో రెండు వందలకు ఒకటి చెడ్డదనుకుంటే, ఒక పెట్టెలో చెడ్డది ఒక్కటీ తగలకుండా ఉండే అవకాశమే నాలుగింట మూడు వంతులకు పైగా ఉంటుంది. పది పెట్టెలు కాల్చాక చూసిన లెక్కకే విలువ. కంపెనీ మార్చినప్పుడు మొదటి కొన్ని తూటాలను లెక్కలోకి తీసుకోవద్దు. తుపాకీ గొట్టంలో పాత మైనం పోయి కొత్తది పట్టేదాకా గుళ్లు అటూ ఇటూ పోతాయి.

పిస్టల్‌వాళ్ల లెక్క ఇంకో రకం. రైఫిల్లో ప్రతి తూటానూ చేత్తో పెట్టి బోల్టు మూస్తారు. పిస్టల్ తనంతట తానే ఖాళీ గొట్టాన్ని విసిరేసి తర్వాతి తూటాను ఎక్కించుకోవాలి. దానికి తూటా వెనక్కి తన్నే బలం చాలాలి. 25 మీటర్ల పిస్టల్ పోటీ మొదటి సగంలో వాడే లక్ష్యంలో పది వలయం 50 మిల్లీమీటర్లు. 50 మీటర్ల రైఫిల్ లక్ష్యంలో అది 10.4 మిల్లీమీటర్లే. కాబట్టి పిస్టల్ షూటర్ సూదిమొన గురి కోసం ఖరీదైన తూటా కొనడం కన్నా, తన పిస్టల్లో ఎప్పుడూ ఇరుక్కోని మధ్యరకం తూటాను పట్టుకోవడమే తెలివి. ఎస్‌కే పిస్టల్ మ్యాచ్, సీసీఐ స్టాండర్డ్ లాంటివి అలాంటి బాపతు. పోటీలో తూటా పేలకపోతే పిస్టల్‌ను లక్ష్యం వైపే ఉంచి, ఖాళీ చెయ్యి పైకెత్తి ఆగాలి. అధికారి వచ్చి చూస్తాడు. లోపం తూటాదని తేలితే నిబంధనల ప్రకారం ఆ సిరీస్‌ను సరిచేసుకునే వీలుంటుంది. తూటా ఎక్కించడం మరచిపోయినా, సేఫ్టీ తీయకపోయినా ఆ షాటుకు సున్నాయే.

మే నెలలో మన దగ్గర ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. తలుపులు మూసిన కారులో తూటాల పెట్టె వదిలేస్తే లోపలి వేడి ఇంకా చాలా ఎక్కువ. అలాగని ఫ్రిజ్‌లో పెట్టేవాళ్లూ ఉన్నారు. బయటికి తీయగానే చెమ్మ పడుతుంది, అది ఇంకా చేటు. తుపాకీకి రాసే నూనె అంటిన చేతులతో తూటాలు ముట్టుకోవద్దు. పల్చటి నూనె గొట్టానికీ గుండుకూ మధ్య సందులోంచి పాకి లోపలి మందును పాడుచేస్తుంది. తూటాలను డబ్బాల్లోకి మార్చొద్దు, లాట్ నంబరు పెట్టె మీదే ఉంటుంది. పేలని తూటాను జేబులో వేసుకుని ఇంటికి తెచ్చుకోవద్దు. విప్పి చూడాలన్న సరదా అసలే పనికిరాదు. పేలకపోయినా అది బతికున్న తూటాయే, 1959 ఆయుధ చట్టం దాన్ని అలాగే చూస్తుంది. రేంజ్ అధికారికి అప్పగించి రావాలి.

రేంజ్‌లు నడిపేవాళ్లకూ, ఎన్‌సీసీ బెటాలియన్లకూ ఒక్క విన్నపం. పేలని ప్రతి తూటాకూ ఒక రిజిస్టర్ పెట్టండి. తేదీ, కంపెనీ, లాట్ నంబరు, ఏ తుపాకీ, గుంట లోతా పైపైనా, తిప్పాక పేలిందా లేదా అన్న ఆరు గడులు చాలు. ఖర్చు ఒక నోటుపుస్తకం. ఏ లాట్‌ను పోటీకి దాచాలో, ఏ రైఫిల్‌ను మెకానిక్ దగ్గరికి పంపాలో ఒక సీజన్ గడిచేసరికి ఆ పుస్తకమే చూపిస్తుంది.