హెచ్చరిక వినే మనిషి

గోదారికి వరదొస్తే మా అందరి చెవులూ ధవళేశ్వరం వైపే ఉంటాయి. బ్యారేజీ దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. మట్టం చూసి కబురు చెప్పడం ఒక పని, 175 గేట్లు నడపడం ఇంకో పని. ప్రోగ్రాముల్లోనూ ఈ రెండు పనులూ విడివిడిగా ఉండాలని నాకు ఆలస్యంగా తెలిసింది.

నేను రాసిన ఒక సర్వర్‌లో ఎనిమిది థ్రెడ్లు ఉండేవి. ఆగమని చెప్పే సిగ్‌టెర్మ్ సిగ్నల్ పంపితే మామూలుగా ఆగిపోయేది, ఎప్పుడో ఒకసారి మాత్రం కొయ్యబారిపోయేది. రెండు రాత్రులు డీబగ్గర్ ముందు కూర్చున్నాక కారణం దొరికింది. ఒక థ్రెడ్ లాగ్ రాస్తూ లాకు పట్టుకుని ఉండగా, సిగ్నల్ సరిగ్గా దాని మీదే పడింది. సిగ్నల్ అందగానే ఆ థ్రెడ్‌ను ఆపి నడిచే హ్యాండ్లర్ కూడా లాగ్ రాయబోయి అదే లాకు అడిగింది. హ్యాండ్లర్ ముగిస్తేగానీ థ్రెడ్ లాకు వదలదు, లాకు వదిలితేగానీ హ్యాండ్లర్ ముగియదు. కాలవ లాకు తలుపు సగం ఎత్తిన లస్కరును మధ్యలో ఆపి, అతని చేతిలో ఉన్న తాళంచెవినే అడిగినట్టు!

ప్రాసెస్‌కు వచ్చిన సిగ్నల్‌ను, దాన్ని అడ్డుకోని ఏ థ్రెడ్‌కైనా కెర్నల్ అప్పగించవచ్చు. అందుకే థ్రెడ్లు పుట్టకముందే పీథ్రెడ్_సిగ్‌మాస్క్‌తో సిగ్‌టెర్మ్, సిగ్‌ఇంట్‌లను అడ్డుకోవాలి. ఆ మాస్క్ పుట్టబోయే థ్రెడ్లన్నిటికీ వారసత్వంగా వస్తుంది. ఆ తర్వాత ఒక్క థ్రెడ్‌ను సిగ్‌వెయిట్ దగ్గర కాపలా కూర్చోబెట్టాలి. కబురు అందాక అది చేసేదంతా మామూలు కోడే కాబట్టి లాకు తీసుకోవచ్చు, లాగ్ రాయవచ్చు, మిగతావాటికి ఆగమని చెప్పవచ్చు. అవి చేతిలో పని ముగించుకుని ఆగుతాయి.

అడ్డుకున్న సిగ్నల్ ఎక్కడికీ పోదు, గుమ్మంలో వేచి ఉంటుంది. అయితే ఈలోగా పది సిగ్‌టెర్మ్‌లు వచ్చినా ఒక్కటిగానే అందుతుంది. కాబట్టి సిగ్నళ్లతో లెక్కలు కట్టకూడదు. తప్పుడు మెమరీని ముట్టుకుంటే వచ్చే సిగ్‌సెగ్వ్ మాత్రం ఆ తప్పు చేసిన థ్రెడ్‌కే వస్తుంది, దాన్ని కాపలాదారుకు అప్పగించలేం.

సిగ్‌కిల్‌ను ఎవరూ అడ్డుకోలేరు. లినక్స్‌లో సర్వర్లను నడిపించే, ఆపే సిస్టమ్‌డీ మామూలుగా సిగ్‌టెర్మ్ పంపి 90 సెకన్లు చూస్తుంది, అప్పటికీ ఆగకపోతే సిగ్‌కిల్ పంపుతుంది. ఆ 90 సెకన్లలోనే సగం రాసిన ఫైలు పూర్తికావాలి, తెరిచిన కనెక్షన్లు మూసుకోవాలి. లంకల్లోవాళ్లు గొడ్డూగోదాతో గట్టెక్కడానికైనా సమయం దొరికేది ముందే కబురు అందితేనే. అందుకే ఇప్పుడు నేను ఏ సర్వర్ మొదలుపెట్టినా, పని చేసే థ్రెడ్ల కంటే ముందు వినే థ్రెడ్‌నే రాస్తాను.