విప్పే ముందు వినాలి

క్లచ్ సెట్ మార్పించుకుని షెడ్డు నుంచి బయటికి తెచ్చిన బండిలో కొత్తగా ఓ మోతో, అదురో మొదలైతే ఎవరికైనా ప్రాణం ఉసూరుమంటుంది. నిన్నటిదాకా లేనిది ఇవాళ వచ్చిందంటే వేసిన సామాను మీద అనుమానం, పని చేసినవాడి మీద కోపం. మెకానిక్ తొందర మనిషైతే మళ్లీ గేర్‌బాక్స్ దించడానికి జాకీలు సర్దుకుంటాడు. అనుభవమున్న మేస్త్రీ ఆ పని చేయడు. ఇంజను స్టార్ట్ చేయించి, పక్కన నిలబడి అడుగుతాడు: "సౌండు ఎప్పుడొస్తోంది సార్? పెడల్ తొక్కితేనా, వదిలితేనా? నిలబడి ఉన్నప్పుడు కూడా ఉందా, బండి కదిలితేనేనా?"

ఈ ప్రశ్నల వెనక పెద్ద విద్యే ఉంది. విజయవాడ, గుంటూరు, విశాఖ, హైదరాబాద్ ఆటోనగర్లలో, హైవేల పక్కన రేకుల షెడ్లలో గురువు చేతి నుంచి శిష్యుడి చేతికి అందుతూ వస్తున్న విద్య. పుస్తకంలో రాసుకోకపోయినా దానికో క్రమం ఉంది, కారణం ఉంది. ఏ భాగం ఏ క్షణంలో తిరుగుతుందో, ఏ క్షణంలో ఆగుతుందో మనసులో స్పష్టంగా ఉంటే, ఒక్క బోల్టు విప్పకుండానే తప్పు ఎక్కడుందో చాలావరకు తేల్చవచ్చు.

క్లచ్ పనిలో కదిలేవి ఎన్నో

క్లచ్ ప్లేటు దగ్గరికి చేరాలంటే దారిలో చాలా వాటిని కదిలించాలి. వెనక చక్రాలకు పవరు వెళ్లే బళ్లలో, అంటే పాత అంబాసిడర్ నుంచి బొలెరో, టాటా ఏస్ దాకా, ప్రొపెల్లర్ షాఫ్ట్ ఊడదీయాలి. గేరు లీవరు, క్లచ్ కేబులు లేదా స్లేవ్ సిలిండరు, స్టార్టర్ మోటారు, గేర్‌బాక్స్ మౌంటింగు విప్పాలి. అడ్డొస్తే సైలెన్సర్ పైపు పక్కకు జరపాలి. 1983 డిసెంబరులో మారుతి 800 వచ్చాక మన రోడ్ల మీద ముందు చక్రాల బళ్లు పెరిగాయి. వాటిలో పొడవాటి షాఫ్ట్ ఉండదు కానీ రెండు డ్రైవ్ షాఫ్టులు లాగాలి, గేర్ ఆయిల్ దించాలి, ఇంజనుకు కింద ఆధారం పెట్టి మౌంటింగులు వదులు చేయాలి.

అందుకే కొత్తగా వచ్చిన మోతకు క్లచ్చే కారణమని ముందే తీర్మానించకూడదు. మంచి మేస్త్రీ మొదట బయటి నుంచి కనిపించేవి చూస్తాడు. ఫ్లైవీల్ అడుగున ఉండే పల్చటి రేకు కాస్త వంగినా చాలు, ఇంజను తిరిగినంతసేపూ కరకరమని గీసుకుంటుంది. సైలెన్సర్ పైపు బాడీకి ఆనుకుంటే ఒకానొక రేసు దగ్గర బండంతా ఝుమ్మంటుంది, ఆ రేసు దాటగానే తగ్గిపోతుంది. ఇంజను బరువు జాకీ మీద ఉండగానే మౌంటింగులు బిగించేస్తే లోపలి రబ్బరు మెలితిరిగి ఉండిపోతుంది. ఐడిల్లో స్టీరింగు, సీట్లు అదురుతాయి. దానికి మందు చిన్నదే. చాలా బళ్లలో ఆ బోల్టులు కాస్త సడలించి, ఇంజను తన చోట తాను సర్దుకున్నాక మళ్లీ సరైన బిగువుకు బిగిస్తే సరిపోతుంది. దించిన గేర్ ఆయిల్ మళ్లీ నిండా పోయకపోతే గేర్‌బాక్స్ ఊళ పెడుతుంది. ఇది ఆలస్యంగా తెలిస్తే బేరింగులే పోతాయి కాబట్టి ముందే లెవెల్ చూడాలి.

పెడల్ చెప్పే సాక్ష్యం

ఇక క్లచ్ లోపలి సంగతి. బండి ఆపి, న్యూట్రల్‌లో పెట్టి, హ్యాండ్‌బ్రేక్ వేసి, ఇంజను ఐడిల్లో ఉంచి వినడం మొదలుపెడతారు.

పెడల్ మీద కాలు లేనప్పుడు క్లచ్ ప్లేటు ఫ్లైవీల్‌కీ ప్రెషర్ ప్లేటుకీ మధ్య బిగిసి ఉంటుంది. ఇంజనుతో పాటు గేర్‌బాక్స్‌లోకి వెళ్లే ఇన్‌పుట్ షాఫ్ట్, దాని పక్కనున్న లే షాఫ్ట్ కూడా తిరుగుతుంటాయి. ఈ స్థితిలో వినిపించిన మోత పెడల్ పూర్తిగా తొక్కగానే ఆగిపోయిందంటే, తొక్కినప్పుడు ఆగేవాటిలోనే తప్పు ఉంది: ఇన్‌పుట్ షాఫ్ట్ బేరింగు, లే షాఫ్ట్ బేరింగులు, లేదా గేర్ల పళ్ల గలగల. ఈ గలగల కొత్త ప్లేటు వేశాకే మొదలైతే ప్లేటు నడుమ ఉండే స్ప్రింగులను అనుమానించాలి. ఇంజను తిరుగుడులోని చిన్న కుదుపులను మింగేది అవే. ఆ ఇంజనుకు తగని స్ప్రింగులున్న ప్లేటు పడినా, రెండు భాగాల డ్యుయల్ మాస్ ఫ్లైవీల్ తీసి మామూలు ఫ్లైవీల్ వేసినా ఆ కుదుపులు నేరుగా గేర్లకు చేరతాయి.

ఇప్పుడు పెడల్ మీద కాలు మెల్లగా ఆనించాలి. ఖాళీ పోయి పెడల్‌కు బరువు తగిలే చోట రిలీజ్ బేరింగు ప్రెషర్ ప్లేటు వేళ్లకు ఆనుకుంటుంది. సరిగ్గా అక్కడే కీచుమనో, గర్రుమనో మొదలైతే దోషం రిలీజ్ బేరింగుది, లేదా గ్రీజు లేక ఎండిపోయిన ఫోర్కుది. పాత బేరింగు బాగానే ఉందని దాన్నే మళ్లీ వేసి ప్లేట్లు మాత్రం మార్చిన చోట ఈ గోల ఎక్కువ. కొన్ని రూపాయల ఆదాకు పనంతా రెండోసారి చేయాల్సి వస్తుంది.

మూడోది, పెడల్ అడుగంటా తొక్కి, బ్రేకు మీద కాలుంచి, మొదటి గేరు వేసి వినడం. ఇప్పుడు ఇంజను తిరుగుతోంది, ఇన్‌పుట్ షాఫ్ట్ పూర్తిగా ఆగి ఉంది. ఆ షాఫ్ట్ కొనను క్రాంక్ షాఫ్ట్ చివర మోసే పైలట్ బేరింగు ఉన్న బళ్లలో, అది పనిచేసేది ఈ తేడా ఉన్నప్పుడే. అందుకే అరిగిన పైలట్ బేరింగు మిగతా సమయమంతా మౌనంగా ఉండి ఇక్కడ బయటపడుతుంది.

అదురును కూడా ఇలాగే విడదీయవచ్చు. నిలబడ్డ బండిలో రేసు పెంచితే అదురు పెరుగుతోందనుకుందాం. అదే రేసులో పెడల్ తొక్కినా తగ్గకపోతే ఫ్లైవీల్, ప్రెషర్ ప్లేటు బ్యాలెన్సు చూడాలి, మౌంటింగులూ చూడాలి. తొక్కగానే తగ్గితే క్లచ్ ప్లేటు, ఇన్‌పుట్ షాఫ్ట్ వైపు వెళ్లాలి.

బయల్దేరేటప్పుడు వణుకు

మొదటి గేరులో కదిలే ఆ రెండు మూడు క్షణాలు మాత్రమే బండి గజగజ వణికి, పెడల్ పూర్తిగా వదిలాక సాఫీగా పోతుంటే, జారుతూ పట్టుకునే సమయంలోనే లోపం ఉన్నట్టు. కొత్త ప్లేటు కుదురుకోవడానికి కొన్ని వందల కిలోమీటర్లు పడుతుంది కాబట్టి స్వల్పమైన వణుకును కొంత ఓపిక పట్టి చూడవచ్చు. గట్టి వణుకైతే కారణం వెతకాల్సిందే.

మొట్టమొదటి అనుమానం నూనె, గ్రీజు. క్రాంక్ ఆయిల్ సీలు కారుతున్నా, ఇన్‌పుట్ షాఫ్ట్ గాళ్లకు పూసిన గ్రీజు మోతాదు మించినా అది చిమ్మి ప్లేటు లైనింగుకు అంటుకుంటుంది. రెండోది ఫ్లైవీల్ ముఖం. పాత క్లచ్ జారిన వేడికి దాని మీద నీలం మచ్చలు, గట్టిపడ్డ చోట్లు ఏర్పడతాయి. మామూలు ఫ్లైవీల్ అయితే లేత్ మీద ఫేసింగు చేయించకుండా కొత్త ప్లేటు వేస్తే పట్టు ఒక చోట ఎక్కువ, ఒక చోట తక్కువ అవుతుంది. మూడోది ప్రెషర్ ప్లేటు బిగింపు. మృదంగం వాయించే మనిషి అంచు చుట్టూ ఎదురెదురుగా కొద్దికొద్దిగా తడుతూ శ్రుతి సమం చేసుకున్నట్టు, ఆ బోల్టులను కూడా ఎదురెదురుగా, విడతలుగా బిగించాలి. ఒక పక్క నుంచి బిగించుకుంటూ పోతే కవరు వంకరపోతుంది.

నాలుగోది అందరికీ తట్టదు. గేర్‌బాక్స్ ఎక్కించేటప్పుడు షాఫ్ట్ ప్లేటులోకి దూరాక చేతులు నొప్పెట్టి ఓ నిమిషం వదిలేస్తే, గేర్‌బాక్స్ బరువంతా ప్లేటు నడుమ మీద వేలాడుతుంది. కొత్త ప్లేటు అక్కడే వంగిపోతుంది. ఇంజనుకూ గేర్‌బాక్స్‌కూ మధ్య సూటి కుదిర్చే డవల్ పిన్నులు పోయినా, వాటి చోట బోల్టులే చాలనుకున్నా, రెండు ఇరుసులూ ఒకే గీతలో ఉండవు. ప్లేటు తిరగేసి వేస్తే నడుమ భాగం ఫ్లైవీల్ బోల్టులకు తగిలి గీసుకుంటుంది, పెడల్ తొక్కినా క్లచ్ వదలదు. అందుకే చాలా ప్లేట్ల మీద ఫ్లైవీల్ వైపు ఏదో అచ్చువేసి ఉంటుంది.

రోడ్డు మీద లెక్క

నిలబడి ఉన్నప్పుడు ఏమీ లేక, పరుగులోనే అదురు వస్తే విచారణ రోడ్డెక్కుతుంది. ఇక్కడ మేస్త్రీలు నోటితో చెప్పకపోయినా చేసేది లెక్కే.

చక్రం చుట్టుకొలత 2 మీటర్లున్న వెనక చక్రాల బండి గంటకు 72 కిలోమీటర్ల వేగంతో పోతోందనుకుందాం. అంటే సెకనుకు 20 మీటర్లు, చక్రం సెకనుకు 10 చుట్లు. వెనక ఇరుసులోని గేర్ల నిష్పత్తి 4 అయితే ప్రొపెల్లర్ షాఫ్ట్ సెకనుకు 40 చుట్లు. నాలుగో గేరు నేరు గేరైతే ఇంజను కూడా అన్నే చుట్లు, నిమిషానికి 2,400. అదే వేగంలో 1.5 నిష్పత్తి ఉన్న మూడో గేరుకు వస్తే ఇంజను 3,600కు పెరుగుతుంది. చక్రం, షాఫ్ట్ మాత్రం మారవు. కాబట్టి ఒకే వేగంలో గేరు మార్చి చూడటమే పరీక్ష. గేరుతో పాటు అదురు లయ మారితే అది ఇంజను, క్లచ్ వైపుది. మారకుండా అలాగే ఉంటే షాఫ్ట్, ఇరుసు, చక్రాలది. ఖాళీగా ఉన్న తిన్నని రోడ్డు మీద, ఇంజను ఆపకుండా, క్షణకాలం న్యూట్రల్ చేసి చూసినా ఇదే తేలుతుంది. చక్రం అదురు నెమ్మదిగా ఊగినట్టుంటుంది, షాఫ్ట్ అదురు పాదాల కింద సన్నగా రొద పెడుతుంది.

నేరు గేరులో మోత తగ్గి మిగతా గేర్లలో ఉంటే లే షాఫ్ట్ బేరింగులను చూడాలి, ఎందుకంటే నేరు గేరులో లే షాఫ్ట్ మీద భారం ఉండదు.

సుద్దగీత విలువ

వెనక చక్రాల బళ్లలో క్లచ్ పని తర్వాత వచ్చే అదురుకు ప్రొపెల్లర్ షాఫ్టే కారణమైన సందర్భాలు చాలా. దాని రెండు చివర్లా క్రాస్ జాయింట్లు ఉంటాయి. ఈ రకం జాయింటును 17వ శతాబ్దంలోనే ఇంగ్లండ్‌కు చెందిన రాబర్ట్ హుక్ పరిశీలించాడు. వంపులో తిరిగే క్రాస్ జాయింటుకు ఒక స్వభావం ఉంది: ఇటువైపు వేగం నిలకడగా ఉన్నా అటువైపు ప్రతి చుట్టులో రెండుసార్లు వేగం పెరిగి రెండుసార్లు తగ్గుతుంది. రెండో జాయింటు సరిగ్గా ఎదురు వంతుగా తిరిగి ఆ హెచ్చుతగ్గులను చెరిపేస్తుంది. అందుకు షాఫ్ట్ రెండు చివర్ల చీలికలు ఒకే తలంలో ఉండాలి. షాఫ్ట్ జారే గాళ్లు ఒకటి రెండు పళ్లు తప్పి కూర్చుంటే ఆ పొత్తు చెడుతుంది. కొత్త క్లచ్ ఎంత మంచిదైనా బండి అదురుతూనే ఉంటుంది.

అందుకే పాతతరం మేస్త్రీ షాఫ్ట్ విప్పే ముందు జాయింటు మీద, ఫ్లాంజి మీద, గాళ్ల మీద సుద్దతోనో ఉలితోనో గీత పెట్టిస్తాడు. మళ్లీ బిగించేటప్పుడు గీతకు గీత కలవాలి. పిల్లాడు షెడ్డులో చేరిన కొత్తలో నేర్చుకునే పాఠాల్లో ఇదొకటి. చూడటానికి చిన్న అలవాటు, దాని వెనకున్నది యంత్రశాస్త్రంలోని గట్టి సూత్రం.

చెవికి కూడా సాధన ఉంటుంది. పొడవాటి స్క్రూడ్రైవర్ మొనను గేర్‌బాక్స్ గోడకు ఆనించి, పిడిని చెవికి ఆనించుకుంటే ఏ బేరింగు దగ్గర మోత గట్టిగా ఉందో తెలుస్తుంది. గేరు లీవరు మీద అరచేయి వేసి అదురు లయ పడతారు. తిరిగే భాగాలకు దూరంగా, వదులు బట్టలు లేకుండా నిలబడటం కూడా ఈ పాఠంలో భాగమే.

ఈ విద్యకు మనమిచ్చే ధర

నేటి బళ్లకు స్కానర్ ఉందిగా అనవచ్చు. స్కానర్ సెన్సార్లు చెప్పింది చదువుతుంది. మామూలు రిలీజ్ బేరింగుకు సెన్సార్ లేదు, వంగిన రేకుకు లేదు, తప్పిన గీతకు లేదు. ఈ లోపాలు శబ్దంగా, అదురుగా మాత్రమే బయటపడతాయి. వాటిని చదవగలిగింది శిక్షణ పొందిన మనిషే.

ఐటీఐల్లో మోటారు మెకానిక్ కోర్సు రెండేళ్లు చదివే పిల్లలకు ఈ పెడల్ పరీక్షలు, గేరు పరీక్షలు వరసగా, అసలైన బండి మీద, అసలైన శబ్దాలతో నేర్పాలి. పేరున్న మేస్త్రీలను తరగతికి పిలిపించాలి. వాళ్లు పోల్చగలిగే శబ్దాలను రికార్డు చేసి భద్రపరచాలి. షెడ్డులో చేరే పిల్లలు తగ్గుతున్న కాలంలో ఇంకో దారి కనిపించదు.

బండి యజమానులుగా మన వంతూ ఉంది. పనికి ఇచ్చే ముందే మేస్త్రీని పక్కన కూర్చోబెట్టుకుని ఓ రౌండు వేస్తే ఏది పాతదో ఏది కొత్తదో తర్వాత తగాదా ఉండదు. మోత వస్తే "ఏదో సౌండు" అని వదిలేయకుండా ఎప్పుడు, ఏ గేరులో, ఏ వేగంలో, పెడల్ ఎక్కడ ఉండగా అన్నది గమనించి చెప్పాలి. అన్నిటికన్నా ముఖ్యం, సామాను మార్చినందుకే డబ్బులిచ్చి, లోపం కనిపెట్టినందుకు ఇవ్వకపోవడమనే అలవాటు మానాలి. వినడానికి పట్టిన అరగంటకు కూలి గిట్టని చోట ఏ మేస్త్రీ అయినా తొందరగా విప్పడానికే చూస్తాడు. రేకు సరిచేసి, గీత కలిపి, గేర్‌బాక్స్ దించకుండానే బండి అప్పగించినవాడు మనకు ఒక రోజును, వేల రూపాయలను మిగిల్చాడు. ఆ తెలివికి ధర కట్టి చేతిలో పెడితేనే అది రేపటి పిల్లాడికీ నేర్చుకోదగ్గ విద్యగా కనిపిస్తుంది.