కన్యాశుల్కపు రెండవ కూర్పు, బిల్హణీయపుఁ గొఱఁత

గ్రంథకర్తకుఁ దన పూర్వరచనము లోపభూయిష్ఠముగాఁ దోఁచినప్పుడు, దానిని మరలఁ జేతఁ బట్టవలయునా, లేక దానిని విడిచి క్రొత్తదానిని ముగింపవలయునా యను విచికిత్స పుట్టును. ఈ విషయమున గురజాడ అప్పారావుగారి నాటకములకంటెఁ దగిన యుదాహరణము తెలుఁగున నాకుఁ గానరాదు.

కన్యాశుల్కము 1892లో విజయనగరమునఁ బ్రదర్శింపఁబడి 1897లో ముద్రితమైనది. 1909 నాఁటి రెండవ కూర్పును దిద్దుబాటని యనరాదు; ఐదంకముల నాటక మేడంకములైనది. కొండుభట్టీయము, బిల్హణీయము అను మఱి రెండు నాటకములు మాత్రము 1915లో ఆయన గతించు నప్పటికి ముగియలేదు. దేహారోగ్యము చాలని యాయన పాతనాటకమునకై యంత శ్రమపడుటకు మాఱు క్రొత్తవానిని ముగించి యుండిన బాగుండెడిదని యనువారు గలరు. వారి మాట త్రోసివేయఁ దగినది కాదు.

వ్యాకరణము చదివినవారికిఁ బునారచన వింత గాదు. నాగేశభట్టు తన మంజూషను బృహత్తుగను, లఘువుగను, పరమలఘువుగను ముమ్మాఱు కూర్చెను. అక్కడ మాఱినది ప్రధానముగాఁ బరిమాణమే. చిన్నయసూరిగారి విషయము మనకు మఱింత చేరువ. ఆయన నీతిచంద్రిక మిత్రలాభ మిత్రభేదములతో నిలిచిపోయినది. వ్యాకరణమును మాత్రము పలుమాఱులు పలురీతులఁ గూర్చి, తుదకు 1858లో బాలవ్యాకరణమును వెలువరించెను. నీతిచంద్రికలోని శేషమును వీరేశలింగముగారు వ్రాయఁగలిగిరి. బాలవ్యాకరణమును మఱియొకఁడు వ్రాసి యుండెడివాఁడా? నన్నయ విడిచినదానిని దిక్కన యెఱ్ఱనలు పూరించిన దేశము మనది; అసమాప్తగ్రంథమునకుఁ గాలాంతరమున నన్యుఁడు దొరకవచ్చును. అచ్చుపడిన తన గ్రంథమును లోపలినుండి తిరుగఁ గట్టుటకుఁ గర్త యొక్కఁడే సమర్థుఁడు.

మొదటి కూర్పు సంస్కారోద్దేశముతోఁ బుట్టినది. విశాఖపట్టణ మండలమున మూఁడేండ్లలో జరిగిన శుల్కవివాహములు 1034 అని లెక్క తేలినట్లు కర్తయే పీఠికలోఁ జెప్పెను. ఆ లెక్క వెనుకనున్న మనుష్యులు రెండవ కూర్పునఁ గాని నిండుగా మాటలాడరు. కథాసూత్ర మించుమించుగా నొక్కటే. లుబ్ధావధానుల పెండ్లియత్నము, గిరీశపు టక్కరితనము రెంటను గలవు. కాని మొదటఁ గొలఁదిపాటి పాత్రమైన మధురవాణి, రెండవదాన నాటకమునంతటిని దన చేతిలోనికిఁ దీసికొనును. సౌజన్యారావు పంతులు నెదుటఁ గూర్చుండి యామె చేయు సంభాషణమునఁ బ్రశ్నింపఁబడునది వేశ్య మాత్రమే కాదు, సంస్కర్త యొక్క నీతియుఁ గూడ. ఇది శబ్దసంస్కారముచేఁ బుట్టునది కాదు. బంగోరె 1969లో మొదటి కూర్పును మరల నచ్చొత్తించుటచే నీ తారతమ్యము నెల్లరును జూడఁ గలిగిరి. రెంటిని ప్రక్కప్రక్కనుంచి చదివినవాఁడు 1909 నాఁటిదే క్రొత్తనాటకమని యొప్పుకొనక తప్పదు. కర్త పాతకథ నెపమునఁ గ్రొత్తనాటకము నొకదానిని ముగించెను.

దీనివలన నష్టము లేకపోలేదు. ఏడంకములు నొకరాత్రిఁ గోఁత లేక యాడుట దుర్ఘటము. మా నందికొట్కూరు ప్రాంతమున నాటకమనఁగా హార్మోనియము, పద్యము. వచనమే ప్రాణముగాఁ గల నాటకమును, అందును విజయనగరపుఁ బలుకుబడిలో, తెల్లవాఱులు వినుమనుట మా శ్రోతల కోపికపరీక్ష. ప్రదర్శించువారు మొదటి కూర్పును జూచి కోఁత నేర్చికొనుట మేలు. బిగువున నదియే మిన్న.

కొండుభట్టీయమునకై నే నంతగా వగవను. ప్రహసనమునఁ గన్యాశుల్కమును మించుట యాయనకే కష్టము. బిల్హణీయపు మాట వేఱు. రాజపుత్రికకు విద్య గఱపి యామెను వలచి మరణదండనకుఁ బాత్రుఁడైన కవి కథ యది. పాండిత్యమును, రాజాజ్ఞయుఁ దలపడు చోటు. దానిని బూరించుటకుఁ దిక్కన యెవ్వఁడును రాలేదు. చరిత్రమున బిల్హణు నాదరించినవాఁడు కల్యాణి చాళుక్యుఁడు ఆఱవ విక్రమాదిత్యుఁడు. ఆ రాజు శాసనములు మాకు దాపుననే, తుంగభద్ర కావల, అలంపురమునఁ గలవు. అట్టి రాజసభలోఁ బండితుఁ డెట్లు మాటలాడునో మధురవాణిని మాటలాడించిన చేయి వ్రాసి యుండిన వినవలయునని నా కిప్పటికిని గోరిక.